కుష్టు చికిత్స: రక్తంలోని యాంటీబాడీ పరీక్ష ఏం చెబుతుంది, ఏం చెప్పదు?

మంచిర్యాల: కుష్టు వ్యాధికి మందుల కోర్సు పూర్తయిన ఇంట్లో ముందుగా వచ్చే ప్రశ్న ఒకటే. "రోగం పూర్తిగా పోయిందని ఎట్ల తెలుస్తది? రక్తం తీసి చూస్తే తెలియదా?" షుగర్‌కు, డెంగీకి, టైఫాయిడ్‌కు రక్త పరీక్షతోనే చెబుతున్నప్పుడు జుజాంకు మాత్రం ఎందుకు లేదనే అనుమానం రావడం సహజమే. నిజానికి అలాంటి పరీక్ష ఉంది. కుష్టు క్రిమి మీద శరీరం తయారు చేసుకునే యాంటీబాడీలను కొలిచే పరీక్ష అది. దాని మీద 40 ఏళ్లకు పైగా పరిశోధన నడుస్తోంది. అయినా ఆ రిపోర్టు ఒక్కటే చూసి మందులు ఆపడం గానీ, కోర్సు ముగిశాక మళ్లీ మొదలుపెట్టడం గానీ కుదరదు. ఎందుకు కుదరదో ఇంటిల్లిపాదికీ తెలిసి ఉంటే చాలా పరేషాన్ తప్పుతుంది.

ముందు వ్యాధి సంగతి

కుష్టు పాపఫలం కాదు, శాపం కాదు, వంశపారంపర్యం అంతకంటే కాదు. అది ఒక బ్యాక్టీరియా వల్ల వచ్చే జబ్బు. ఆ క్రిమి పేరు మైకోబ్యాక్టీరియం లెప్రే. 1873లో నార్వే డాక్టర్ హాన్సెన్ దాన్ని గుర్తించారు. ఇది క్షయ క్రిమికి దగ్గరి బంధువు, కానీ పెరుగుదల చాలా నెమ్మది. ఒక క్రిమి రెండు కావడానికే దాదాపు రెండు వారాలు పడుతుంది. అందుకే ఒంట్లో చేరిన తర్వాత లక్షణాలు బయటపడటానికి సగటున 5 ఏళ్లు, కొందరిలో 20 ఏళ్లు కూడా పట్టవచ్చు.

ఈ క్రిమి ముఖ్యంగా చర్మాన్ని, నరాలను పట్టుకుంటుంది. రంగు తగ్గిన లేదా ఎర్రబారిన, స్పర్శ లేని మచ్చ మొదటి గుర్తు. బొల్లికి, దీనికి తేడా ఇక్కడే ఉంది. బొల్లి మచ్చ మీద ముట్టుకుంటే తెలుస్తుంది, కుష్టు మచ్చ మొద్దుబారి ఉంటుంది. బొల్లి అంటువ్యాధి కూడా కాదు. కొందరిలో మచ్చలే ఉండవు. చెవి తమ్మెలు మందం కావడం, కనుబొమ్మలు రాలడం, ముఖం నూనె పూసినట్టు మెరవడం, చేతులు కాళ్లు తిమ్మిరెక్కడం మాత్రమే కనిపిస్తాయి.

చికిత్స కోసం వ్యాధిని రెండు రకాలుగా విడదీస్తారు. మచ్చలు 5 వరకు ఉండి, చర్మం పరీక్షలో క్రిములు కనిపించకపోతే తక్కువ క్రిముల రకం, అంటే పీబీ. మచ్చలు 5 దాటినా, చర్మం పరీక్షలో క్రిములు కనిపించినా ఎక్కువ క్రిముల రకం, అంటే ఎంబీ. యాంటీబాడీ పరీక్షను అర్థం చేసుకోవాలంటే ఈ తేడా గుర్తుంచుకోవాలి.

మంచిర్యాల 2016 అక్టోబరు 11న ఆదిలాబాద్ నుంచి విడిపోయి కొత్త జిల్లా అయింది. పొరుగున ఉన్న మహారాష్ట్రలోని గడ్చిరోలి, చంద్రపూర్ ప్రాంతాల్లో కుష్టు ఇంకా బలంగానే ఉంది. పనుల కోసం, చుట్టరికాల కోసం ఇటూ అటూ రాకపోకలు మామూలే. 2005 డిసెంబరులో దేశం మొత్తం మీద పది వేల మందికి ఒక కేసు కన్నా తక్కువకు వచ్చిందని ప్రకటించారు. దాంతో చాలామంది కుష్టు పోయిందనే అనుకున్నారు. కానీ 2023లో ప్రపంచవ్యాప్తంగా నమోదైన 1,82,815 కొత్త కేసుల్లో సగానికి పైగా మన దేశంలోనివే.

యాంటీబాడీ పరీక్ష ఎట్ల పనిచేస్తది?

ఏ క్రిమి ఒంట్లోకి వచ్చినా, దాన్ని పట్టుకునేందుకు శరీరం కొన్ని ప్రొటీన్లు తయారు చేస్తుంది. వాటినే యాంటీబాడీలు అంటారు. కుష్టు క్రిమి గోడలో పీజీఎల్-1 అనే కొవ్వు, చక్కెర కలిసిన పదార్థం ఉంటుంది. ఇది ఈ క్రిమికి ప్రత్యేకం. 1980ల మొదట్లో ప్యాట్రిక్ బ్రెన్నన్ బృందం దాని నిర్మాణాన్ని తేల్చింది. అప్పటి నుంచే రక్త పరీక్షల దారి తెరుచుకుంది. రోగి రక్తంలో పీజీఎల్-1 మీద ఐజీఎం రకం యాంటీబాడీలు ఎన్ని ఉన్నాయో ఎలైసా పద్ధతిలో కొలవవచ్చు. గర్భ పరీక్ష కార్డులా గీత చూపించే చిన్న కిట్లు కూడా తయారు చేశారు. తర్వాతి కాలంలో ఎల్‌ఐడీ-1 అనే ప్రొటీన్‌ను కూడా ఇందులో కలిపి చూశారు.

ఇంతవరకు బాగానే ఉంది. చిక్కు ఎక్కడంటే, ఈ యాంటీబాడీలు అందరు రోగుల్లో ఒకేలా ఉండవు. ఒంట్లో క్రిములు ఎక్కువగా ఉన్న ఎంబీ రోగుల్లో అవి ఎక్కువగా ఉంటాయి, పరీక్ష చాలావరకు పాజిటివ్ వస్తుంది. పీబీ రోగుల్లో క్రిములే కొన్ని కాబట్టి యాంటీబాడీలూ తక్కువ. వారిలో ఎక్కువ మందికి పరీక్ష నెగెటివ్‌గానే వస్తుంది. అంటే స్పర్శ లేని మచ్చ కళ్లముందే ఉన్నా, రక్తం మాత్రం ఏమీ లేదని చెప్పవచ్చు. ఇంకోవైపు, కుష్టు ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లో ఏ లక్షణమూ లేని ఆరోగ్యవంతుల రక్తంలోనూ ఈ యాంటీబాడీలు కనిపిస్తాయి. క్రిమి ఎప్పుడో తగిలింది, శరీరం జవాబిచ్చింది, జబ్బు మాత్రం రాలేదు, అంతే.

అందుకే పాజిటివ్ వచ్చినంత మాత్రాన కుష్టు ఉన్నట్టు కాదు, నెగెటివ్ వచ్చినంత మాత్రాన లేనట్టూ కాదు. లక్షణాలు లేని కుటుంబ సభ్యుల్లో కుష్టును కనిపెట్టేందుకు ఏ పరీక్షనూ సిఫారసు చేయడం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 మార్గదర్శకాల్లో చెప్పింది.

చికిత్స పనిచేస్తోందో లేదో దీనితో తెలుస్తుందా?

కొంతవరకు తెలుస్తుంది, అదీ ఎంబీ రోగుల్లోనే. మందులతో క్రిములు చచ్చిపోతాయి, శరీరం ఆ చచ్చిన క్రిములను నెమ్మదిగా ఊడ్చేస్తుంది. క్రిమి అవశేషాలు తగ్గే కొద్దీ యాంటీబాడీలు కూడా తగ్గుతాయి. మొదట ఒకసారి, తర్వాత ఏడాదికోసారి అదే ల్యాబులో, అదే పద్ధతిలో రక్తం చూస్తే అంకె కిందికి దిగుతున్నట్టు కనిపించాలి. తగ్గిన అంకె మళ్లీ పైకి ఎగబాకితే డాక్టర్ జాగ్రత్తగా చూడాల్సిన సంగతి అది. బ్రెజిల్‌లో 6 నెలల కోర్సు, 12 నెలల కోర్సు తీసుకున్న రోగుల్లో యాంటీబాడీలు ఎట్ల తగ్గుతున్నాయో పరిశోధకులు పోల్చి చూశారు. హైదరాబాద్ చెర్లపల్లిలో లెప్రా సొసైటీ నడిపే బ్లూ పీటర్ పరిశోధన కేంద్రంలోనూ కుష్టు రోగుల రోగనిరోధక శక్తి మీద, రియాక్షన్ల మీద అధ్యయనాలు జరిగాయి.

అయితే ఈ తగ్గుదల నెలల్లో జరిగేది కాదు, ఏళ్లు పడుతుంది. ఎంబీ రోగికి మందుల కోర్సు 12 నెలలు. కోర్సు ముగిసిన రోజున రక్తం చూస్తే చాలామందిలో పరీక్ష ఇంకా పాజిటివ్‌గానే ఉంటుంది. దాని అర్థం మందు పనిచేయలేదని కాదు, చచ్చిన క్రిముల చెత్త ఇంకా ఒంట్లో ఉందని మాత్రమే.

చర్మం నుంచి చేసే స్మియర్ పరీక్షలోనూ ఇదే తీరు. చెవి తమ్మె దగ్గర, మచ్చ దగ్గర సన్నగా గీసి, వచ్చిన ద్రవాన్ని మైక్రోస్కోపు కింద చూసి క్రిముల సంఖ్యకు 0 నుంచి 6 వరకు గ్రేడు ఇస్తారు. చికిత్స తర్వాత ఈ గ్రేడు సాధారణంగా ఏడాదికి ఒకటి లేదా అంతకన్నా కొంచెం తక్కువగా దిగుతుంది. 4 గ్రేడుతో మొదలైన వ్యక్తికి పూర్తిగా సున్నా రావడానికి నాలుగైదు ఏళ్లు పట్టవచ్చు. అప్పటిదాకా స్మియర్‌లో కనిపించేవి చాలావరకు విరిగిపోయిన, ప్రాణం లేని క్రిములే.

రిపోర్టును తప్పుగా చదివితే జరిగే నష్టం

తప్పు రెండు వైపులా జరగవచ్చు. ఒకటి, కోర్సు ముగిశాక కూడా పాజిటివ్ వచ్చిందని, ఇంట్లో మనిషిని ఇంకా అంటురోగిగా చూడటం. కంచం వేరు, పడక వేరు, పిల్లల రిష్తా మాటలు ఆగిపోవడం. వాస్తవం ఏమిటంటే, రిఫాంపిసిన్ మొదటి మోతాదుతోనే క్రిముల్లో అత్యధిక భాగం చనిపోతాయి. మందు మొదలుపెట్టిన కొద్ది రోజుల్లోనే ఆ వ్యక్తి నుంచి ఇతరులకు సోకే అవకాశం దాదాపు పోతుంది. కోర్సు పూర్తి చేసిన వ్యక్తి కలిసి తినవచ్చు, కలిసి నమాజుకు నిలబడవచ్చు, పిల్లలను ఎత్తుకోవచ్చు.

రెండో తప్పు ఇంకా ప్రమాదకరం. రక్తంలో ఏమీ రాలేదని మధ్యలోనే మందులు ఆపేయడం, లేదా మచ్చను పట్టించుకోకపోవడం. కుష్టులో అసలు నష్టం నరాలకు జరుగుతుంది. పైగా అది చాలాసార్లు క్రిమి వల్ల నేరుగా కాదు, క్రిమి మీద శరీరం చేసే పోరాటం వల్ల జరుగుతుంది. దాన్నే రియాక్షన్ అంటారు. ఇది మందులు వాడుతుండగా రావచ్చు, కోర్సు ముగిసిన తర్వాత కూడా రావచ్చు. పాత మచ్చలు ఎర్రగా ఉబ్బుతాయి, నరాలు నొప్పి పెడతాయి. కొందరిలో జ్వరంతో పాటు ఒంటి మీద ఎర్రటి నొప్పి గడ్డలు లేస్తాయి, కళ్లు ఎర్రబడతాయి. ఆ సమయంలో రోజులు లెక్కే. డాక్టర్ పర్యవేక్షణలో స్టెరాయిడ్ మందులు వెంటనే మొదలుపెడితే నరం నిలబడుతుంది. ఆలస్యమైతే వేళ్లు వంకర పోతాయి, పాదం వాలిపోతుంది, కన్ను మూతపడదు. యాంటీబాడీ అంకె దీన్ని ముందుగా ఖచ్చితంగా చెప్పలేదు.

మరి చెప్పగలిగేది ఏది? ముట్టుకుని చేసే పరీక్షే. బంగ్లాదేశ్‌లో రోగులను రెండేళ్ల పాటు గమనించిన ఒక అధ్యయనంలో ఈ సంగతి తేలింది. చికిత్స మొదలయ్యే నాటికే నరాలు దెబ్బతిన్న ఎంబీ రోగుల్లో 65 శాతం మందికి కొత్తగా నరాల నష్టం వచ్చే ముప్పు ఉంది. అప్పటికి నరాలు బాగున్న ఎంబీ రోగుల్లో అది 16 శాతం. నరాలు బాగున్న పీబీ రోగుల్లో ఒక శాతం చుట్టూ మాత్రమే. దీనికి ఖరీదైన ల్యాబు అక్కర్లేదు. బాల్ పెన్ను కొసతో అరచేతిని, అరికాలిని తాకి, కళ్లు మూసుకుని ఎక్కడ తాకారో చూపించమంటే చాలు. చిటికెన వేలు పక్కకు చాపగలుగుతున్నారా, బొటనవేలు పైకి ఎత్తగలుగుతున్నారా, పాదాన్ని పైకి లేపగలుగుతున్నారా, కన్ను గట్టిగా మూయగలుగుతున్నారా అని చూస్తారు. మందుల కోసం వెళ్లిన ప్రతి నెలా ఈ పరీక్ష చేయమని అడగాలి.

ఇంకో రక్త పరీక్షతో వచ్చే అపార్థం

ఎంబీ రకం, ముఖ్యంగా క్రిములు బాగా ఎక్కువగా ఉన్న రోగుల్లో, సుఖవ్యాధి సిఫిలిస్ కోసం చేసే వీడీఆర్‌ఎల్ పరీక్ష కొన్నిసార్లు తప్పుగా పాజిటివ్ వస్తుంది. కీళ్లవాతానికి చేసే ఆర్‌ఏ ఫ్యాక్టర్ కూడా అంతే. సిఫిలిస్ లేకుండానే అలా రావచ్చు. ఆపరేషన్ ముందో, గర్భిణికి చెకప్‌లోనో ఈ రిపోర్టు చూసి భార్యాభర్తల మధ్య అనుమానాలు మొదలైతే కుటుంబమే చెదిరిపోతుంది. అలాంటి రిపోర్టు వస్తే కుష్టు చికిత్స సంగతి డాక్టర్‌కు చెప్పి, సిఫిలిస్‌కు ప్రత్యేకంగా ఉండే మరో నిర్ధారణ పరీక్ష చేయించుకోవాలి.

చికిత్స మధ్యలో డాక్టర్ రాసే హిమోగ్లోబిన్, లివర్ పరీక్షల సంగతి వేరు. అవి క్రిమి కోసం కాదు, మందులు ఒంటికి పడుతున్నాయో లేదో చూడటానికి.

మందులు, జాగ్రత్తలు

చికిత్సను ఎండీటీ అంటారు. రిఫాంపిసిన్, క్లోఫాజిమిన్, డాప్సోన్ ఇందులోని మందులు. 28 రోజులకు ఒక ప్యాక్ ఉంటుంది. పీబీకి 6 ప్యాకులు, ఎంబీకి 12 ప్యాకులు. ఏదైనా నెల తప్పినా 6 ప్యాకులను 9 నెలల్లోపు, 12 ప్యాకులను 18 నెలల్లోపు పూర్తి చేయాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో, ప్రభుత్వ దవాఖానల్లో ఇవి పూర్తిగా ఉచితం. నెలకోసారి వేసే మోతాదును ఆరోగ్య సిబ్బంది ముందే మింగాలి.

రిఫాంపిసిన్ వేసిన రోజు మూత్రం ఎర్రగా వస్తుంది, భయపడాల్సింది లేదు. క్లోఫాజిమిన్ వల్ల చర్మం నల్లబడుతుంది, పొడిబారుతుంది. రోగం ముదిరిందనుకుని, లేదా పెళ్లి కావాల్సిన ఆడపిల్ల రంగు పోతుందని కొందరు మందు ఆపేస్తారు. ఈ నలుపు కోర్సు ముగిసిన కొన్ని నెలల్లో క్రమంగా తగ్గుతుంది, వంకరపోయిన వేళ్లు మాత్రం వాటంతట అవి సరికావు. డాప్సోన్ మొదలుపెట్టిన తొలి వారాల్లో దద్దుర్లు, జ్వరం, కళ్లు పచ్చబడటం కనిపిస్తే మాత్రం వెంటనే దవాఖానకు పోవాలి.

రమజాన్‌లో చికిత్స ఆపాల్సిన పని లేదు. రోజువారీ మాత్రలు రోజుకు ఒక్కసారే కాబట్టి, డాక్టర్‌ను అడిగి ఇఫ్తార్ తర్వాతకు మార్చుకోవచ్చు. నెల మోతాదు తేదీని కూడా ముందే మాట్లాడుకోవాలి. రియాక్షన్ వచ్చి స్టెరాయిడ్లు వాడుతున్నవారు, షుగర్ ఉన్నవారు రోజా విషయంలో డాక్టర్ మాట తప్పకుండా వినాలి.

ఇంట్లో మిగతావారి సంగతి

రోగితో ఒకే ఇంట్లో ఉండేవారికి ముప్పు మిగతావారి కంటే ఎక్కువ. వారిలో పీజీఎల్-1 యాంటీబాడీలు ఉన్నవారికి, లేనివారితో పోలిస్తే వ్యాధి వచ్చే అవకాశం దాదాపు మూడింతలని పలు అధ్యయనాలను కలిపి చూసినప్పుడు తేలింది. అయినా పాజిటివ్ వచ్చిన వారిలో ఎక్కువ మందికి జబ్బు రాదు, నెగెటివ్ వచ్చిన కొందరికి వస్తుంది. కాబట్టి రక్తం చూసి కొందరిని వదిలేయడం కన్నా, ఇంట్లో అందరి ఒళ్లూ చూడటమే మేలు. ఆడవాళ్లను మహిళా ఆరోగ్య కార్యకర్త లేదా ఆశా కార్యకర్త వేరే గదిలో చూడవచ్చు. సిగ్గుపడి వీపు మీది మచ్చను దాచుకోవద్దు. వ్యాధి లేదని తేలిన కుటుంబ సభ్యులకు, అర్హతను బట్టి, నివారణ కోసం రిఫాంపిసిన్ ఒకే ఒక్క మోతాదు ఇస్తారు. 2 ఏళ్లు నిండిన పిల్లల నుంచి ఇది వర్తిస్తుంది. ఇచ్చే ముందు క్షయ లేదని చూసుకుంటారు.

అప్పుడు, ఇప్పుడు

ఉత్తర తెలంగాణకు ఈ పోరాటం కొత్తది కాదు. నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ 1915లో కుష్టు ఆస్పత్రి మొదలుపెట్టారు. దానికి స్థానిక దాత నర్సా గౌడ్ సహాయం అందింది. అప్పట్లో మందు అంటే చాల్‌ముగ్రా జాతి గింజల నూనె ఇంజెక్షన్లే. ఆ ఆస్పత్రిలో పనిచేసిన డాక్టర్ జాన్ లో తర్వాత నైజీరియా వెళ్లి, డాప్సోన్‌ను నోటి మాత్రగా వాడి చూపిన తొలి వైద్యుల్లో ఒకరయ్యారు. అటు మంచిర్యాల నుంచి బల్లార్షా మీదుగా నాగ్‌పూర్ వెళ్లే రైలు మార్గంలో ఉన్న వరోరాలో బాబా ఆమ్టే 1949లో ఆనంద్‌వన్ స్థాపించారు. ఇళ్ల నుంచి వెళ్లగొట్టబడినవారికి అప్పట్లో అలాంటి చోట్లే దిక్కు. ఇప్పుడు మందు ఊళ్లోకే వచ్చింది, రోగి ఇల్లు విడిచి పోవాల్సిన పని లేదు.

చట్టం కూడా మారింది. 1939 నాటి ముస్లిం వివాహాల రద్దు చట్టంలో భర్తకు కుష్టు ఉండటం ఒక కారణంగా ఉండేది. 2019లో పార్లమెంటు చేసిన సవరణతో ఆ మాట తీసేశారు. హిందూ వివాహ చట్టం, ప్రత్యేక వివాహ చట్టం వంటి వాటిలోనూ అంతే. కుష్టు నయమై వైకల్యం మిగిలినవారిని 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తిస్తుంది.

చేతిలో రిపోర్టు ఉంటే ఏం చేయాలి?

ఎవరైనా యాంటీబాడీ పరీక్ష చేయించి ఉంటే ఆ కాగితాన్ని పారేయకండి, దాని మీదే నిర్ణయమూ తీసుకోకండి. పరీక్ష పేరు, తేదీ, అంకె కనిపించేలా దాచి, కుష్టు చికిత్స ఇస్తున్న డాక్టర్‌కు చూపించండి. మొదటి రోజు తీసిన స్మియర్ గ్రేడు, మచ్చల లెక్క, చేతులు కాళ్ల స్పర్శ పరీక్ష వివరాలు ఉన్న చికిత్స కార్డు దానికన్నా విలువైనది. దాన్ని రేషన్ కార్డంత జాగ్రత్తగా ఉంచుకోవాలి.

కోర్సు ముగిశాక కూడా పీబీ వారు 2 ఏళ్లు, ఎంబీ వారు 5 ఏళ్లు కనీసం ఏడాదికోసారి చూపించుకోవాలి. కొత్త మచ్చ వచ్చినా, పాతది ఎర్రబడినా, చెయ్యి పట్టు తప్పినా, చెప్పు తెలియకుండా కాలి నుంచి జారిపోతున్నా ఆ గడువు కోసం ఆగకుండా అదే వారం వెళ్లాలి. అది రియాక్షనా, వ్యాధి తిరగబెట్టిందా అన్నది డాక్టర్ చర్మం, నరాలు చూసి, అవసరమైతే స్మియర్ తీసి తేలుస్తారు. స్పర్శ లేని కాళ్లను రోజూ రాత్రి నీళ్లలో నానబెట్టి, నూనె రాసి, పుండ్లున్నాయేమో చూసుకోవాలి. మెత్తటి ఎంసీఆర్ చెప్పులు ప్రభుత్వ దవాఖానల ద్వారా ఇస్తారు, అడిగి తీసుకోవాలి. వేళ్లు వంకర పోయినవారికి, పాదం వాలినవారికి సరిచేసే ఆపరేషన్లు కూడా ఉన్నాయి.